నీమా ఎక్కిన లిఫ్టు

ఈ ఉదయం మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరి డబ్బాలోంచో ఇంగువ పోపు వాసన వచ్చింది. అందరూ ఫోన్లలోకి తలలు దించుకుని ఉన్నారు. ఇంగువ మాత్రం మొహమాటం లేకుండా అందరినీ పలకరించింది. గచ్చిబౌలి లిఫ్టుల్లో ఆ మాత్రం చొరవ చూపించేవి వాసనలే. ఒకప్పుడు ఇదే లిఫ్టులో ఒక మనిషి కూడా చూపించేది. ఆమె పేరు నీమా. టాంజానియాలోని ఇరింగా అనే ఊరి నుంచి ఎమ్మెస్సీ చదవడానికి వచ్చింది. చదువు కోసం విదేశాలకు వెళ్లేవాళ్లు మా ప్రొద్దుటూరులో వీధికొకరున్నారు. చదువు కోసం విదేశం వచ్చిన మనిషిని, అందులోనూ ఆ విదేశం గచ్చిబౌలి కావడాన్ని, నేను చూడటం అదే మొదలు.

యూనివర్సిటీ హాస్టల్లో ఆమెకు గది దొరకలేదు. బయట రెండిళ్లలో ఆమెను చూడగానే "నిన్ననే ఇచ్చేశాం" అన్నారట. 'కిరాయికి ఇవ్వబడును' బోర్డులు మాత్రం ఇంకా వేలాడుతూనే ఉన్నాయట. ఈ సంగతి యూనివర్సిటీలో పనిచేసే స్నేహితురాలు చెప్పింది. నా ఫ్లాటులో ఒక గది ఖాళీగా ఉంది కాబట్టి రమ్మన్నాను. ఆమె పెట్టె లోపలికి వచ్చిన సాయంత్రమే అసోసియేషన్ సెక్రటరీ సుబ్బరాయుడుగారు కూడా వచ్చారు. నంద్యాల మనిషి, ప్లాట్ల వ్యాపారం. "ఫారిన్ వాళ్లంటే మాకేం పడదని కాదుమ్మా. ఎవురో ఏమో తెలీకుండా ఎట్ల పెట్టుకునేది? ఆదివారం మీటింగులో అందరూ సరే అనల్ల. లేకుంటే సోమవారం ఖాళీ చెయ్యల్ల" అన్నారు. ఆ సోమవారమే నీమాకు క్లాసులు మొదలు.

ఆదివారం దాకా ఎవరి కంటా పడవద్దని నీమాకు సలహా ఇచ్చాను. ఆ అపార్ట్‌మెంటులో రెండేళ్లుగా నేను పాటిస్తున్న పద్ధతి అదే, ఫలితాలు కూడా బాగానే ఉన్నాయి. ఆమె అంతా శ్రద్ధగా విని, "ఇక్కడ పెద్దవాళ్లను ఎలా పలకరిస్తారు?" అని అడిగింది.

"నమస్తే అంటాం."

"ఆ తరువాత?"

"ఆ తరువాత మన అంతస్తు వచ్చేస్తుంది."

ఆమె మొహంలో జాలి కనిపించింది. వాళ్ల ఊళ్లో పెద్దవాళ్లను పలకరించకుండా దాటిపోతే, మనం ఇల్లు చేరేలోపే ఫిర్యాదు అమ్మను చేరుతుందట. అడిగితే చాలదు, వాళ్ల జవాబు పూర్తయ్యేదాకా కదలకూడదట. మేము "తిన్నారా?" అని కూడా అడుగుతామని ఒప్పుకున్నాను. "వాళ్లు తినలేదంటే ఏం పెట్టాలి?" అంది. ఏమీ పెట్టనక్కర్లేదని తెలిసి ఆశ్చర్యపోయింది గానీ, మాట మాత్రం పట్టేసింది.

మర్నాడు లిఫ్టులో సత్తెమ్మగారు ఎక్కారు. మా అపార్ట్‌మెంట్ లేచిన నేల ఒకప్పుడు ఆవిడ జొన్నచేను. అందుకే ఆవిడకిక్కడ నాలుగు ఫ్లాట్లూ, అందరి మీదా కొంచెం చిన్నచూపూ ఉన్నాయి. "నమస్తే అమ్మా, తిన్నారా?" అంది నీమా. ఆవిడ ఆమెను కిందినుంచి పైదాకా చూశారు. "తిన్న బిడ్డా. ఏం తినుడో ఏమో, మోకాళ్లు గుంజుతున్నయ్..." సెల్లారు వచ్చింది. నేను దిగిపోయాను. నీమా దిగలేదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల ఊపుతూ, మాటల్లో దిగడం మరిచిపోయిన ఆవిడతోపాటు మళ్లీ పైకి వెళ్లిపోయింది. ఆ వారమంతా నన్నడిగి కొన్ని, లిఫ్టులో విని కొన్ని తెలుగు మాటలు పోగేసుకుంటూ, ఆమె లిఫ్టులోనే కాపురం పెట్టినట్టు తిరిగింది. చివరికి సుబ్బరాయుడుగారినీ వదల్లేదు. "తిన్నారా అంకుల్?" అంటే, పాపం ఆయన మాత్రం ఏం చేస్తారు? "తిన్యానమ్మా" అన్నారు. సోమవారం తాను వెళ్లగొట్టబోయే మనిషి అడిగినా జవాబు చెప్పక తప్పని ప్రశ్న అది.

ఆదివారం సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నీమా పక్కన కూర్చుని నేను ఇంగ్లిషులో ఒక ఉపన్యాసం మననం చేసుకుంటున్నాను. "ఈ కొత్త పాప ఎవరో మీలో ఎవురికన్నా తెలుసునా? తెలిసినోళ్లు చేతులెత్తండి" అని అడిగారు సుబ్బరాయుడుగారు.

"నాకెర్క" అన్నారు సత్తెమ్మగారు. "నీమా. అమ్మ పేరు రెహెమా, నాయిన బడిల సారు. దినాం నా మోకాళ్లు ఎట్లున్నయని అడుగుతది. నా కోడలు అడుగుతదా?"

పక్కనే ఉన్న కోడలు ముందుగా చెయ్యెత్తింది.

"మా అమ్మగారి కంటి ఆపరేషన్ గురించి మా చుట్టాలైనా అడగలేదండీ, ఈ అమ్మాయి అడిగింది" అన్నారు కాకినాడ నుంచి వచ్చిన మూడో అంతస్తు రాజ్యలక్ష్మిగారు. చేతులు లేస్తూనే ఉన్నాయి. "నాకూ తెలుసులే" అని సుబ్బరాయుడుగారూ గొణిగారు. నా ఉపన్యాసం నోట్లోనే ఉండిపోయింది.

అంతలో సత్తెమ్మగారి చూపు నా మీద పడింది. "గామె ఎవలు? గా పిల్ల పక్కన? కొత్తగొచ్చిందా?"

అందరూ నావైపు చూశారు. ఎవరికీ తెలియలేదు. సుబ్బరాయుడుగారికైనా నా ఫ్లాటు నంబరే తెలుసు గానీ, పేరు తెలియదు. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అప్పుడు నీమా లేచి నిలబడింది. "ఈమె సుజన. మా అక్క. ప్రొద్దుటూరు. జర తక్కువ మాట్లాడుతది, గానీ మంచిది."

సెల్లారంతా నవ్వులు. "సరే అయితే, ఇద్దరూ ఉండొచ్చు" అన్నారు సుబ్బరాయుడుగారు. సోమవారం నీమా క్లాసుకు వెళ్లింది. లిఫ్టులో ఆలస్యమై పరుగెత్తుకుంటూ వెళ్లింది.

చదువు పూర్తిచేసి ఇప్పుడు వాళ్ల ఊళ్లోనే కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆమె పంపే వాయిస్ మెసేజీల్లో మా అమ్మ బీపీ, సత్తెమ్మగారి మోకాళ్లు, సుబ్బరాయుడుగారి ప్లాట్లు అన్నీ అయ్యాకే అసలు విషయం వస్తుంది. తొందరున్నా నేను ముందుకు జరపను.

ఈ ఉదయం ఆ ఇంగువ డబ్బా పట్టుకున్నాయన్ని అడిగాను, "పులిహోరా అండీ?" అని. ఆయన ఉలిక్కిపడి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు. "అవునండీ. మేం వచ్చి నెలైంది. ఈ ఊళ్లో ఇంతవరకూ ఎవరూ..." సెల్లారు వచ్చింది, తలుపు తెరుచుకుంది. ఆఫీసు బస్సు గేటు దగ్గర హారన్ కొడుతోంది. నేను దిగలేదు. ఆయన జవాబు ఇంకా పూర్తి కాలేదు.