ఫిరంగికి ఆరుగురు

మా బాబాయి పోయారు. మిరపకాయలు ఇంకా కల్లంలో ఉండగానే పోయారు.

ఆ పొద్దు అన్ని పొద్దుల్లాగే మొదలైంది. నేను స్నానం చేసి, దీపం పెట్టి, నామాలు చదువుకుంటున్నాను. దేవుడి గది కిటికీలోంచి మా కల్లం కనిపిస్తుంది. రాత్రి మబ్బు పట్టిందని కాయల మీద పట్టాలు కప్పించిన బాబాయి, తెల్లారగానే వాటిని తీయిస్తున్నారు. ఇద్దరు కూలి ఆడవాళ్లు, మా తమ్ముడు ఆయనతో ఉన్నారు. తమ్ముడు సైన్యంలో హవల్దారు. సెలవు మీద వచ్చాడు. మేము నలుగురం ఆడపిల్లలం పుట్టాక పుట్టినవాడు. నేను పెద్దదాన్ని, పెళ్లి చేసుకోకుండా ఈ ఇంట్లోనే ఉండిపోయినదాన్ని, కాబట్టి వాణ్ణి పెంచింది సగం నేనే.

"ఒరేయ్, అట్టా గుంజమాక. ముందు మూలలు కలుపు," అని బాబాయి కేక.

"నేనూ ఆర్మీయేగా బాబాయ్!"

"మీ ఆర్మీలో మిషన్లు మడుస్తన్నాయేమో. మాకు చేతులేరా."

ఆడవాళ్లు నవ్వారు. మిర్చి ఘాటుకి నవ్వు దగ్గులోకి దిగింది. పట్టా ఎలా మడిచినా ఒక కొస పైకి తేలి ఉండాలి, అది బాబాయి పద్ధతి. చీకట్లో తడిమినా కొస చేతికి రావాలి అనేవారు. ఆ రోజు కూడా అలాగే మడిపించి, కాయలు తొక్కి కుట్టిన టిక్కీ బస్తా మీద కూర్చుని కాఫీ అడిగారు. నేను నామాలు ముగించి గ్లాసు పట్టుకెళ్లేసరికి పక్క బస్తాకి ఆనుకుని కళ్లు మూసుకుని ఉన్నారు. కునుకు తీస్తున్నారనుకున్నాను. తమ్ముడు నాకంటే ముందు గ్రహించాడు. నా చేతిలోంచి గ్లాసు తీసుకుని నేల మీద పెట్టాడు.

బాబాయి ఫిరంగి దళంలో చాలా ఏళ్లు పనిచేశారు. డెబ్బై ఒకటి యుద్ధం నాటికి ఇరవై దాటిన కుర్రాడు. యుద్ధం కథ చెప్పమని పిల్లలం వెంటపడితే మేము పేలుళ్ల కోసం చూసేవాళ్లం, ఆయన సామాన్ల సంగతి చెప్పేవారు. కల్లంలో టిక్కీలు వరసగా పేర్పించి, వాటినే ఫిరంగులనుకోమనేవారు. ఒక ఫిరంగికి ఆరుగురు. ఆరు ఫిరంగులు ఒక బ్యాటరీ, మూడు బ్యాటరీలు ఒక రెజిమెంటు. ఆరుగురిలో ఒకడు ఆజ్ఞ ఇస్తాడు, ఒకడు ఫిరంగి వెనక తలుపు తీసి మూస్తాడు, ఒకడు గురి చూస్తాడు, ఒకడు గుండు పెడతాడు, ఇద్దరు అందిస్తారు. నేను పెద్దదాన్ని కదా అని ఆజ్ఞ ఇచ్చే పని నాకు ఇచ్చేవారు. మా రెండో చెల్లెలికి అది ఇప్పటికీ కష్టమే.

"యుద్ధం వచ్చిపడింది. ఫిరంగులున్నాయి, తెల్లవాళ్ల నాటివి. గుండ్లున్నాయి. మోసే లారీలు చాల్లా," అని మొదలుపెట్టేవారు. కూరగాయల లారీలు, సిమెంటు లారీలు ఎక్కడివక్కడ పట్టుకొచ్చారట. వేయడానికి రంగు అందకపోతే బురద పూశారట. "ఆ బురద ఎండి రాలిందా, వెనక హారన్ కొట్టమన్న అక్షరాలు బయటపడేయి. శత్రువు హారన్ కొడితే మేం దారివ్వాలి మరి!" చెప్పి ఆయనే ముందు నవ్వేవారు. తర్వాత ఏమైందని మేము అడిగితే లేచి వెళ్లిపోయేవారు.

ఫిరంగి మోతకి చెవుల్లో పెట్టుకోవడానికి ఇచ్చిన దూది రెండు రోజుల్లో అయిపోయిందట. ఆయన పెట్టెలో మా నాయనమ్మ సర్దిన వత్తుల పత్తి ఉంది. పెరట్లో చెట్టు నుంచి కోసి, గింజ తీసి, ఎక్కడున్నా దీపం పెట్టుకోమని ఇచ్చిన పత్తి. దాన్నే ఆరుగురూ పంచుకున్నారు. అది కూడా కుడి చెవిని కాపాడలేకపోయింది. మా ఇంట్లో పిల్లలు పుట్టి మాటలు నేర్చేసరికే బాబాయికి ఎడమ పక్కన కూర్చోవాలని తెలిసిపోయేది. "దేవుడికి పెట్టాల్సింది నా చెవిలో పెట్టుకున్నా అమ్మాయ్. ఆయనేమన్నా అనుకున్నాడంటావా?" అని ఒకసారి నన్ను అడిగారు. అనుకోడు బాబాయ్ అన్నాను.

ఆఖరి వారం ఆయనకు ఒక చోట నిలకడ లేదు. సరిహద్దులో ఏదో జరగబోతోందని టీవీ వాళ్లు గొంతు చించుకుంటున్న వారం అది. బొమ్మల మీద బాణం గుర్తులు వేసి యుద్ధం నేర్పుతున్నారు. "బండి టైర్లలో గాలుందో లేదో చెప్పరేం వీళ్లు?" అని విసుక్కుని లేచేవారు, మళ్లీ వచ్చి కూర్చునేవారు. అన్నం ముందు కూర్చుని తమ్ముణ్ణి అడిగేవారు. మీ బళ్లు కొత్తవేనా? బ్యాటరీలో మనుషులు నిండా ఉన్నారా, సెలవుల్లో ఎంతమంది? వాడు ఉన్నది కూడా ఫిరంగి దళమే. "అన్నీ ఉన్నాయి బాబాయ్, నువ్వు తిను," అనేవాడు. "అన్నీ ఉన్నాయన్నోడికి ఏది లేదో తెలీదురా," అనేవారు. ఒకరోజు తమ్ముడికి కోపం వచ్చింది. "యుద్ధం నీదా నాదా?" అన్నాడు. బాబాయి కంచం వైపు చూస్తూ, "నాదేరా, ఇంకా అయిపోలేదు," అన్నారు.

బాబాయికి మగపిల్లలు లేరు. ఒక్కతే కూతురు, మార్టూరులో రాళ్ల పాలిషింగ్ చేసే వాళ్లింట్లో ఇచ్చాం. మా నాన్న ఏనాడో పోయారు. కాబట్టి బాబాయికి నిప్పు పెట్టింది తమ్ముడే. నిప్పు పెట్టినవాడు కర్త. పదకొండో రోజు పెద్దకర్మ దాకా ఊరి పొలిమేర దాటకూడదు.

మైల వచ్చిన ఇంట్లో దీపం పెట్టరు. దేవుడి గది తలుపు మూసేశాను. పొద్దున లేవగానే కాళ్లు అటే వెళ్లేవి. తలుపు బయట నిలబడి మనసులోనే నామాలు చదువుకుని వచ్చేదాన్ని. ధ్యాస నిలిచేది కాదు. మధ్యలో ఒక నామం జారిపోయి మళ్లీ మొదటికి వచ్చేదాన్ని.

మూడో రోజు అస్థికలు ఏరుకొచ్చి తమ్ముడు తడి పంచెతో వసారాలో ఉన్నాడు. ఫోన్ వచ్చింది. సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి, సెలవులన్నీ రద్దు, వెంటనే బయల్దేరి రావాలి. వాడు ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. చిన్నప్పుడు ఎక్కడైనా పడి లేచి, ఏడవాలా వద్దా అని అలాగే చూసేవాడు.

"వెళ్లక తప్పదక్కా. కానీ బాబాయిని సగంలో ఎట్టా వదిలిపెట్టను?"

సాయంత్రం అందరం వసారాలో కూర్చున్నాం. మా మేనమామ గొంతు వీధి చివరికి వినిపిస్తోంది. "నిప్పు పెట్టిన చెయ్యే పిండం పెట్టాల. కర్త నడిమధ్యలో లేచి పోతాడంట్రా? ఫోనియ్యి, మీ ఆఫీసరుతో నేను మాట్టాడతా."

"ఆయనకి తెలుగు రాదు మామయ్యా."

"నాకు హిందీ రాదా? ఎన్ని సినిమాలు చూళ్ళేదు!"

మరో రోజైతే నవ్వేవాళ్లం.

పురోహితుడు గారు నెమ్మదిగా రెండు దారులు చెప్పారు. మిగిలిన కర్మంతా రేపు ఒక్క పూటలో ముగించడం ఒకటి. తమ్ముడు తన చేతి దర్భను ఇంకొకరి చేతికిచ్చి, కర్తృత్వం వాళ్లకు అప్పగించడం రెండోది. "ఇవ్వడానికి శాస్త్రం ఒప్పుకుంటుందండీ. పుచ్చుకునేదెవరో మీరు తేల్చుకోండి."

"ఒక్క పూటలో కానిచ్చేద్దాం," అన్నాడు మామయ్య.

"మా నాన్నని తరిమేస్తావా మామయ్యా?" బాబాయి కూతురు తలుపు దగ్గర నుంచి అంది. "ఒరేయ్ తమ్ముడూ, ఇటియ్యి. నేను పుచ్చుకుంటా."

"నీ ఇంటిపేరే మారిపోయెగదే. పైగా ఆడపిల్లవి, నువ్వు పెడితే ఊళ్లో ఏమంటారు?"

"ఊళ్లోవాళ్లు వచ్చి పెడతారా మరి?"

మామయ్య లేచి నిలబడ్డాడు. బాబాయి అల్లుడు తల దించుకుని, "తను చేస్తానంటే నాకేం అభ్యంతరం లేదండీ," అన్నాడు. అప్పుడు పిన్ని మాట్లాడింది. ఆయన పోయాక అదే మొదటి మాట.

"యుద్ధానికి ముందు నెల రోజులు వాళ్ల సుబేదారు రోజుకొకరి పని మార్పించాడంట. గుండు పెట్టేవాణ్ణి గురి చూడమని, గురి చూసేవాణ్ణి మొయ్యమని. బాగా తిట్టుకున్నారంట అందరూ. తర్వాత ఒకతను పక్కనే కూలిపోయాడు. ఈయన ఆ పనందుకున్నాడు. మళ్లా రాత్రిళ్లు అతని పేరు చెప్పి లేచి కూర్చునేవాడు, అది వేరే సంగతి. ఫిరంగి మాత్రం ఆగలేదంట." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయన దళంలో అందరికీ అందరి పనీ వచ్చు. మనింట్లోనే నేర్పుకోలేదు మనం."

మామయ్య మళ్లీ కూర్చుని నా వైపు తిరిగాడు. "పెద్దమ్మాయ్, ఇంటికి పెద్దదానివి. నువ్వు చెప్పు."

"దానికే ఇవ్వనివ్వండి," అన్నాను.

అలాగే తేలింది. పొద్దున్నే స్నానం చేసి తమ్ముడు దర్భ బాబాయి కూతురి చేతికిచ్చి, గుంటూరు వెళ్లి రైలెక్కుతాడు. పదకొండో రోజున ఎక్కడుంటే అక్కడ, వీలు చిక్కితే బాబాయి పేరున దోసెడు నీళ్లు వదులుతాడు. పెద్దకర్మ కూతురు చేస్తుంది, పక్కన నేను కూర్చుంటాను. మామయ్య పిండాల బియ్యం తన ఇంటినుంచే తెస్తానన్నాడు, ఇంకెవరూ తేవడానికి వీల్లేదన్నాడు.

కర్త చెప్పులు వేసుకోకూడదు. ఇక నీకు పర్వాలేదని పిన్ని తమ్ముడి బూట్లు తెచ్చి గుమ్మం ముందు పెట్టింది. దర్భ చేతులు మారేది తెల్లారాకే. అయినా బాబాయి కూతురు అప్పుడే తన చెప్పులు విడిచింది. విడిచి, కల్లంలో కాయలు ఎత్తించడానికి నడిచింది. ఎండ దిగినా నేల ఇంకా కాలుతోంది. అడుగు ఎత్తి ఎత్తి వేస్తోంది, వెనక్కి మాత్రం రాలేదు.