ఆర్డిస్ చేసిన ద్రాక్షకళ్ళు

పిల్లల తిండి విషయంలో ఆర్డిస్ క్వామె మాటకు ఆ ఊళ్ళో తిరుగులేదు. అమెరికాలో, మినెసోటా రాష్ట్రంలోని ఆ చిన్న ఊరి బడి వంటగదిలో ఆమె ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. ఇప్పుడు పిల్లల్ని బడి దగ్గర దింపడానికి వచ్చే తల్లిదండ్రుల్లో సగం మంది ఆమె చేతి బన్నులు తిని పెరిగినవాళ్ళే. ఎవరికి పాలు పడవు, ఎవరికి వేరుశెనగ తగిలితే దద్దుర్లు లేస్తాయి, ఎవరు పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చారు, ఇవన్నీ కాగితం చూడకుండా చెప్పేది. మనిషి పొట్టి, మాట కరుకు. “ఇంకో గరిటె వెయ్యనా, వద్దా? నోరు తెరిచి చెప్పు!” అని ఆమె గద్దిస్తే పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు.

పని మానేశాక కూడా, ఏటా అక్టోబరు చివర చర్చి కింది హాలులో పిల్లలు దయ్యాల వేషాలు వేసుకునే హాలోవీన్ పార్టీకి తిండి చేసిపెట్టడం ఆమె వంతే. అన్నీ చేత్తో పట్టుకుని తినేవే. వేలెడు పొడవు మాంసపు సాసేజిలకు గాట్లు పెట్టి, కొసన ఎర్ర క్యాప్సికం ముక్క గోరులా అతికించి, తెగిన వేళ్ళలా పళ్ళెంలో పేర్చేది. మరికొన్నిటికి పిండి పట్టీలు చుట్టి కాల్చి, కట్లు కట్టిన శవాల్లా తయారు చేసేది. చీజు ముక్కలకు ఉప్పు బిస్కెట్ల పుల్లలు గుచ్చి మంత్రగత్తెల చీపుళ్ళు చేసేది. వాటిని చూసి కెవ్వుమని అరిచి, అరిచిన నోటితోనే తినడం పిల్లలకు పండగ.

ఆ ఏడాది పొద్దున్నుంచీ పక్కింటి మిర్నా వచ్చి సాయం చేస్తోంది. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ స్నేహితులు.

“ఏమే, ఈ వేళ్ళు మరీ నిజం వేళ్ళలా ఉన్నాయే. నాకైతే తినబుద్ధి కావట్లేదు.”

“నీకెవరు పెడతానన్నారు? చేతులాడించు.”

ఆర్డిస్ పచ్చద్రాక్షకు తొక్క తీస్తోంది. తీసిన ప్రతి పండులోనూ చిన్న గుంట చేసి, ఎండుద్రాక్ష ముక్క ఒకటి నల్లగుడ్డులా పొదుగుతోంది. బడి వంటగదిలో ద్రాక్షను నిలువునా నాలుగు ముక్కలు చేయకుండా చిన్నపిల్లలకు పెట్టనిచ్చేది కాదు ఆమె. కొత్తగా చేరిన పనమ్మాయిల్ని ఈ ఒక్క విషయంలో ఏడిపించినంత పని చేసేది. కిందటేడు పార్టీలో కూడా కోసే పెట్టింది. అప్పుడు రక్తపిశాచి వేషం వేసుకున్న పిల్లాడొకడు, “ఇవి కళ్ళేంటి? ఒట్టి ద్రాక్షముక్కలు!” అని పళ్ళెంలోకి విసిరేశాడు. పిల్లలందరూ గొల్లున నవ్వారు. చిన్న మాటే గానీ, అది ఆమెకు ఏడాదంతా గుచ్చుకుంటూనే ఉంది.

చాకు చేతిలోకి తీసుకుంది. మళ్ళీ కింద పెట్టేసింది.

“కొయ్యవా?” అంది మిర్నా.

“కోస్తే కన్నులా ఉండదు. అయిదేళ్ళు నిండినవాళ్ళేగా, నమిలి తింటారులే.”

మిర్నా మరో ద్రాక్షగుత్తి అందుకుంది. పిల్లల తిండి గురించి ఆర్డిస్‌కు ఎవరు చెబుతారు?

సాయంత్రం నాలుగింటికి హాలు నిండిపోయింది. ముప్పై మంది పిల్లలు దయ్యాలై, గబ్బిలాలై కుర్చీల మధ్య పరుగులు తీస్తున్నారు. అందరిలోకీ జూనీ డాల్ వేషం బాగా కుదిరింది. అయిదేళ్ళ పిల్ల. అమ్మమ్మ పాత నైటీ చింపి తొడుక్కుని, మొహమంతా ఆకుపచ్చ రంగు పూసుకుని, సమాధిలోంచి లేచొచ్చిన శవంలా కాలీడ్చుకుంటూ తిరుగుతోంది. రెండు నిమిషాలకోసారి గొంతు పట్టుకుని, “ఆఁ... ఊఁ... చచ్చిపోతున్నా!” అని పెడబొబ్బలు పెట్టి నేల మీద పడేది. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టగానే లేచి కూర్చునేది. వాళ్ళమ్మ కోరిన్ ఫోను పట్టుకుని కూతురి వెనకాలే తిరుగుతోంది.

జూనీ ద్రాక్షకళ్ళ గిన్నెలోంచి ఒక కన్ను తీసింది. పైకెగరేసి నోటితో అందుకుంది. ఆ తర్వాత రెండు చేతులతో గొంతు పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి, వెనక్కి తూలింది.

“అబ్బో, మళ్ళీ చచ్చింది!” అన్నారెవరో. అందరూ నవ్వారు. కోరిన్ ఫోను పైకెత్తి, “భలే చేస్తున్నావే బంగారం!” అంది. సాసేజిల పళ్ళెం మోసుకొస్తున్న ఆర్డిస్ కూడా నవ్వింది.

నవ్వుతూనే ఆగిపోయింది. ఇంతసేపూ గోల చేసి చచ్చిన పిల్ల ఇప్పుడు చప్పుడు చేయడం లేదు. దగ్గు లేదు, మూలుగు లేదు. మొహం నిండా రంగే, ఏమీ తెలియడం లేదు. రంగు పూయని చెవులు మాత్రం నీలంగా మారుతున్నాయి.

చేతిలో పళ్ళెం ఎప్పుడు పడిపోయిందో ఆర్డిస్‌కు తెలియదు. ఒక్క పరుగున వెళ్ళి జూనీని ముందుకు వంచి, అరచేతి మడమతో వీపు మీద, రెండు భుజాల మధ్యన గట్టిగా కొట్టింది. ఒకటి, రెండు, మూడు.

“ఆర్డిస్! పిల్లని కొడుతున్నారేంటి, మీకేమైంది?” కోరిన్ వచ్చి చెయ్యి పట్టుకుని లాగింది.

“వదులు! దీనికి ఊపిరాడట్లేదు! ఆంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!”

నాలుగు, అయిదు. ఏమీ బయటికి రాలేదు. పిల్ల వెనక మోకాళ్ళ మీద కూర్చుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఆనించి, లోపలికీ పైకీ అయిదుసార్లు గుంజింది. రాలేదు. ఏటా బడిలో నేర్పించిన పాఠమే. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అవసరం పడలేదు. జూనీ మెడ వాలిపోతోంది, చేతుల్లో పిల్ల బరువెక్కుతోంది. మళ్ళీ వంచి కొట్టింది. మూడో దెబ్బకు నోట్లోంచి ఏదో జారి నేల మీద పడి దొర్లింది. ద్రాక్షపండు. నల్లగుడ్డు అందులో చెక్కుచెదరకుండా ఉంది.

జూనీ ఒక్క ఊపిరి లోపలికి లాగి గట్టిగా ఏడ్చింది.

హాలంతా కొయ్యబారిపోయింది. ఇదంతా ఆటలో భాగమనుకుని గబ్బిలం వేషంలోని చిన్నపిల్లొకతె చప్పట్లు కొట్టింది.

ఆంబులెన్సు వాళ్ళు వచ్చి చూసి, భయం లేదు గానీ ఆసుపత్రిలో ఒకసారి చూపిస్తే మంచిదన్నారు. కోరిన్ ఆర్డిస్‌ను కావిలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. “మీరు లేకపోతే నా బిడ్డ ఏమైపోయేదో!”

“కోరిన్, ఆ పండు కొయ్యకుండా పెట్టింది నేనే,” అంది ఆర్డిస్. “కొయ్యాలని నాకు తెలుసు. కళ్ళలా ఉండవని కొయ్యలేదు.”

కోరిన్ చేతులు సడలిపోయాయి. ఏదో అర్థంకాని భాష విన్నట్టు ఆమె మొహంలోకి చూసి, కూతుర్ని ఎత్తుకుని బండెక్కింది.

“ఎవరడిగారని చెప్పావే?” అంది మిర్నా, నేల మీది సాసేజిలు ఏరుతూ.

“అడిగితేనే చెప్పాలా?” ఆర్డిస్ కుర్చీలో కూలబడింది.

పత్రికవాళ్ళు ఫొటో తీస్తామని వస్తే ఆమె తలుపు తియ్యలేదు. వీధిలో ఎవరైనా ‘నువ్వు దేవతవి’ అంటే తల తిప్పేసుకునేది. పిల్ల ప్రాణం కాపాడినది గుర్తుకొచ్చేది కాదు. పళ్ళెం పట్టుకుని తాను నవ్వడమే కళ్ళకు కట్టేది. పొద్దున కాఫీ కలుపుకుంటున్నా అదే, దుప్పట్లు మడత పెడుతున్నా అదే.

పదకొండో రోజున కోరిన్ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

“నాకు మీ మీద చాలా కోపంగా ఉంది. తెలిసి తెలిసీ కొయ్యలేదు మీరు.”

“అవును.”

“నేను అక్కడే ఉన్నాను. రెండడుగుల దూరంలో. ఆ వీడియో ఇంకా ఉంది నా దగ్గర. అందులో నా నవ్వు వినపడుతోంది.” ఆమె ఒక అడుగు లోపలికి వేసింది. “నాకు నేర్పించండి. ఎక్కడ కొట్టాలో, ఎలా కొట్టాలో.”

ఆ శనివారం ఊరి ఫైర్‌స్టేషన్లో, అక్కడివాళ్ళు ఇచ్చిన రబ్బరు బొమ్మతో ఆర్డిస్ నేర్పింది. తొమ్మిది మంది తల్లులు, ఇద్దరు తండ్రులు వచ్చారు. మొదట ద్రాక్షను నాలుగు ముక్కలు ఎలా కోయాలో చూపించి, ఆ పండు తానే కొయ్యకుండా పెట్టానని అందరి ముందూ మరోసారి చెప్పింది. కోరిన్ వంతు వచ్చింది. బొమ్మ వీపు మీద జోకొట్టినట్టు మెల్లగా తట్టింది.

“నిద్రపుచ్చుతున్నావా? గట్టిగా!”

“నొప్పెడుతుందేమోనని...”

“నొప్పెట్టనీ. కొట్టమ్మా!”

కోరిన్ కొట్టింది. కళ్ళ నీళ్ళు కారుతుండగా, జుట్టు మొహం మీద పడుతుండగా, అయిదు అన్నాక కూడా ఆపకుండా కొడుతూనే ఉంది. ఆర్డిస్ ఆమెను ఆపలేదు.