తుంగభద్రను ఆపిన రోజు

మొన్న మా మరిది నా కొత్త ఫోను చూడ్డానికి వచ్చాడు. నన్ను చూడ్డానికి కాదు, ఫోనునే. సోఫాలో సరిగ్గా కూర్చోకముందే చెయ్యి చాపి దాన్ని అందుకుని, తిరగేసి మరగేసి, వెనక ఉన్న నాలుగు కళ్ళ మీదా వేలు ఆనించి, "కెమెరాలు ఎన్నని అడిగి కొన్యావు గానీ వదినా, ఎన్నేండ్లు బతుకుతాదని అడిగినావా?" అన్నాడు. అడగలేదని ఒప్పుకున్నాను. అప్‌డేట్ చేసుకోమని అది వారం రోజులుగా పోరుతోందనీ, నేను వాయిదా వేస్తున్నాననీ కూడా చెప్పేశాను. "బ్యాకప్ తీసినావా?" అన్నాడు. తీశానన్నాను. "తీసింది తిరిగి వస్తాదో రాదో చూసినావా?" అన్నాడు. ఆ మాటకి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని పెద్దగా నవ్వేశాం. కాఫీ తెచ్చిన మా కోడలు గ్లాసులు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, కాస్త ఎక్కువ చేసి.

మా మరిదిది, అంటే మా ఆయనదీనూ, ఆలూరు దగ్గర పల్లె. కర్నూలులో నేను పనిచేసే ప్రైవేటు డిగ్రీ కాలేజీలోనే అతను సిస్టమ్ అడ్మినిస్ట్రేటరుగా చేరాడు. నేను అప్పటికే పరీక్షల విభాగంలో పాతకాపుని. నా సిఫారసు మీద వచ్చాడని కాలేజీలో అందరూ అనుకునేవారు, నేనూ కాదనేదాన్ని కాదు. చేరిన కొత్తలో సున్నాలు, ఒకట్ల మీద ఏదో ఇంగ్లీషు హాస్యం అచ్చువేసిన టీషర్టు తెప్పించుకుని వేసుకుని తిరిగేవాడు. కర్నూలు మొత్తం మీద దాన్ని చూసి నవ్వింది అతనొక్కడే. ఒక ఆదివారం మా అత్త ఆ రాతలో ఏముందని అడిగితే, కంప్యూటరుకు ఆ రెండంకెలే తెలుసునని మొదలుపెట్టి, పప్పు ఉడికేదాకా విడమరిచి చెప్పాడు. ఆమె అంతా విని, "రెండంకెలే వచ్చేదానికి కాపలా ఉండేదానికి నీకి దుడ్లిస్తాండారా? శానా మంచోళ్ళప్పా!" అంది. ఆ తర్వాత ఆ టీషర్టు ఇంట్లో గచ్చు తుడవడానికి పనికొచ్చింది.

అతని రాజ్యం మెట్ల కింద గది. కాలేజీలో ఏసీ ఉన్నవి రెండే గదులు, ఒకటి కరస్పాండెంటుగారిది, రెండోది మా మరిది కంప్యూటర్లది. మే నెలలో కర్నూలు ఎండకు లెక్చరర్లందరికీ ఒక్కసారిగా ఇంటర్నెట్ సందేహాలు పుట్టుకొచ్చేవి. ఆ గదిలోకి వచ్చి, వేడెక్కిన దుమ్ము వాసన, పొద్దున అతను తిన్న ఉగ్గాని తిరగమోత వాసన కలిసిన ఆ చల్లగాలిలో కూర్చుని, పనిలో పనిగా అతని అభిప్రాయాలన్నీ వినేవారు. అభిప్రాయాలకు మా మరిది దగ్గర కరువు లేదు. ఉచితంగా ఇచ్చే మంచి సాఫ్ట్‌వేర్ ఉండగా దొంగ కాపీలు వాడేవాళ్ళంటే అతనికి మంట. మౌసుకు రంగురంగుల లైట్లు ఎందుకని పోట్లాడేవాడు. ఏ రోగానికైనా రీస్టార్టే మందనుకునేవాళ్ళను డాక్టర్ల జాబితాలో కలపొద్దనేవాడు. పాస్‌వర్డు రాసిన కాగితాన్ని కీబోర్డు కింద దాచుకునే ప్రిన్సిపాల్‌గారిని మాత్రం ఏమీ అనలేక, పాస్‌వర్డు ఎంత పాతదో తెలిసేటట్టు ఆ కాగితం మీద తేదీ వేసి మళ్ళీ అక్కడే పెట్టేవాడు.

కంప్యూటర్లకు పేర్లు పెట్టడం వాళ్ళ జాతి అలవాటట. ఎక్కడెక్కడివాళ్ళో నక్షత్రాల పేర్లు పెట్టుకుంటారట. మా మరిది మన నదుల పేర్లు పెట్టాడు. ఆఫీసులో ఎప్పుడూ ఆగి ఆగి నడిచేదానికి హంద్రీ అని పెట్టాడు. "ఏమప్పా, పని కాలేదా?" అని ఎవరన్నా వస్తే, "హంద్రీలో నీళ్ళు రాల్యా సార్, రేపు రాండి" అనేవాడు. మొత్తం కాలేజీ ఫీజులు, హాజర్లు, మార్కులు దాచే పెద్ద సర్వరు పేరు తుంగభద్ర. అది అతను చేరిన దగ్గర్నుంచి ఒక్కసారీ ఆగలేదు. కరెంటు పోయినా బ్యాటరీల మీదా జనరేటరు మీదా నడిపించాడు. మిగతావాళ్ళు పిల్లల వయసు చెప్పినట్టు, ఇతను అది ఆగకుండా నడిచిన రోజుల సంఖ్య చెప్పేవాడు. సర్వరు నడిపేవాళ్ళందరికీ అదొక గొప్పట. వెయ్యి రోజులు దాటిన నాడు మా ఇంటికి మైసూరుపాకు తెచ్చాడు.

నా దగ్గరే అతని ఆటలు సాగేవి కావు. పిల్లల ఇంటర్నల్ మార్కులన్నీ చేత్తో పొడుగు పుస్తకంలో ఎక్కించడం నా పద్ధతి. ఒక వేసవిలో అతను పట్టుబట్టి, లెక్చరర్లే నేరుగా తుంగభద్రలో మార్కులు వేసేటట్టు ఏర్పాటు చేశాడు. "ఇంక ఆ పుస్తకం ఇడ్సిపెట్టు వదినా. ప్రతి శనివారం నేను బ్యాకప్ తీస్తాండా. సర్వరు కాలిపోయినా మార్కులు యాడికీ పోవు" అన్నాడు. అతని మొహంలో ఉత్సాహం చూసి సరేనన్నాను. సరేనని ఏం చేశానంటే, రోజూ సాయంత్రం అతను ఇంటికి వెళ్ళగానే తెర మీద చూసి ఆ రోజు మార్కులన్నీ పుస్తకంలో ఎక్కించి, పాత ప్రశ్నపత్రాల కట్టల కింద బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. పదహైదు నెలలు చేశానిలా. అతను వచ్చి "చూసినావా, ఎంత సుకమో!" అంటే, నవ్వి తలూపేదాన్ని. సొంత మరిదిని మోసం చేస్తున్నానని మనసులో పీకుతూనే ఉండేది. కానీ చెయ్యి ఊరుకునేది కాదు.

ఆ ఏడాది దసరాకు ఆయుధపూజ ఘనంగా చేయాలని కరస్పాండెంటుగారికి బుద్ధి పుట్టింది. ఆయన ఆత్మకూరు వైపు వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవారు. పూజ పెట్టిన పనిముట్టును ఆ రోజు ముట్టకూడదని ఆయన పట్టింపు. కాలేజీ బస్సులకు బంతిపూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, జనరేటరుకు కుంకుమ పెట్టి, ఆఖరికి పళ్ళెంతో మెట్ల కిందికి వచ్చారు. పూజకు మా మరిదికి అభ్యంతరం లేదు. పసుపు పొడిగా చల్లకుండా తడిపి పెట్టమని మాత్రం బతిమాలాడు. కానీ ఆయన సర్వరు ఆపమన్నారు.

"సార్, ఇది మూడేండ్లుగా నడుస్తానే ఉండాది. ఇన్నాళ్ళు తిరిగిన డిస్కు చల్లబడితే మళ్ళీ తిరగకపోవచ్చు."

"మా చేన్లో బోరు మోటారే ఆపినామప్పా, నీ డబ్బా ఏమన్నా దానికన్నా పెద్దదా? ఒక్క దినం దానికీ విశ్రాంతి ఇయ్యల్ల."

మా మరిది నా వంక చూశాడు. నేను కరస్పాండెంటుగారి వంక చూశాను. ఆయన పళ్ళెం పట్టుకుని కదల్లేదు. చివరికి మా మరిది తన చేత్తోనే ఆపాడు. ఆ గదిలో హోరు ఆగిపోయాక అంత నిశ్శబ్దం ఉంటుందని మాకెవరికీ తెలియదు.

పండగ అయ్యాక కాలేజీ తెరిచిన రోజు ఆ పెట్టెలోంచి టక్కు టక్కుమని చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. మార్కులున్న డిస్కు తిరగనంది. చివరి ఏడాది పిల్లల ఇంటర్నల్ మార్కులు విశ్వవిద్యాలయానికి పంపడానికి మిగిలింది నాలుగు రోజులు. పంపకపోతే పరీక్షలకు రానట్టే లెక్క, ఏడాది పోతుంది. జవాబు పత్రాలు పిల్లలకు ఎప్పుడో ఇచ్చేశాం, అవి ఏ బజ్జీల బండికి చేరాయో తెలియదు. మా మరిది మాత్రం నిబ్బరంగా, "బ్యాకప్ ఉండాది కదా" అని శనివారాల డిస్కులు తెచ్చుకుని గదిలో కూర్చున్నాడు. గంట అయింది, రెండు గంటలయింది. నేను టీ పట్టుకుపోతే, డిస్కులన్నీ బల్ల మీద పరిచి వాటి మధ్య చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమీ లేవు వదినా," అన్నాడు. పదహైదు నెలల కిందట ఒక డిస్కు నిండిపోతే మార్కుల ఫోల్డరును రెండో డిస్కుకు మార్చి, పాతచోట దాని షార్ట్‌కట్ ఒకటి పెట్టాడట. బ్యాకప్ అప్పట్నుంచీ ఆ షార్ట్‌కట్‌నే కాపీ చేస్తోంది. ఇంటిని దాచడానికి బదులు ఇంటి అడ్రసు రాసుకుని దాచుకున్నట్టు. ఆ వేసవి నుంచి బ్యాకప్ రెండు నిమిషాల్లో అయిపోతోందని మాకందరికీ గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఎందుకంత తొందరగా అయిపోతోందని ఒక్కసారీ తెరిచి చూడలేదు.

సాయంత్రం స్టాఫ్ రూములో అందరూ చేరారు. కరస్పాండెంటుగారు పాపం తల ఎత్తలేదు. సర్వరు ఆపించింది ఆయనే అని అందరికీ తెలుసు, పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు. మా మరిది నోరు మూసుకుని ఉంటే చాలు, తప్పంతా పూజ మీదికి పోయేది, అతని ఉద్యోగానికి ఢోకా ఉండేది కాదు. నేను అతను ఊరుకోవాలనే కోరుకున్నాను. ఇది ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది. అతను లేచి నిలబడ్డాడు.

"సార్, సర్వరు చెడిపోయేది ఈ పొద్దు కాకపోతే ఇంకో పొద్దు చెడిపోతాది, అది మీ తప్పు కాదు. మార్కులు లేకపోయేది నా తప్పు. బ్యాకప్ తీస్తాండానని మీ అందరికీ చెప్పినా, కాగితాలు పారేయమని చెప్పినా. నా డిస్కుల్లో ఏమీ ల్యా. నేను ఒక్కతూరి గూడా చూసుకోల్యా" అన్నాడు. అతనంటే నాకు అంతకు ముందు ముద్దు ఉండేది, ఆ నిమిషాన గౌరవం పుట్టింది.

నేను లేచి నా గదికి పోయి, బీరువా తెరిచి, ప్రశ్నపత్రాల కట్టలు పక్కకు తోసి, పొడుగు పుస్తకం తెచ్చి అతని ముందు పెట్టాను. రెండు మూడు పేజీలు తిప్పాడు. పండగ ముందటి తేదీ దాకా మార్కులన్నీ నా అక్షరాల్లో ఉన్నాయి. పిల్లల ఏడాది దక్కిందని కరస్పాండెంటుగారు అందరి ముందే దండం పెట్టారు. మా మరిది మాత్రం పుస్తకం మూసి నా వైపు చూశాడు.

"నువ్వు నన్ను నమ్మల్యా వదినా?"

"నిన్ను నమ్మినానప్పా. నీ పెట్టెను నమ్మల్యా" అన్నాను. అనేసి ఏడ్చేశాను, అంతమందిలో. అతను కళ్ళు తుడుచుకుని, "సదువు వదినా, నేను కొడతా" అని ఆఫీసులోకి నడిచి, హంద్రీ ముందు కుర్చీ లాక్కున్నాడు.

మూడు రోజులు నేను చదవడం, అతను కొట్టడం. మధ్యలో నా ఏడు ఒకటిలా ఉందని తిట్టాడు, అతని వేళ్ళకు ఉగ్గాని నూనె ఉందని నేను తిట్టాను. మార్కులు గడువులోగా వెళ్ళాయి, అతని ఉద్యోగం నిలిచింది. పుస్తకాన్ని బీరువాలో దాచిన ఆ పదహైదు నెలల్లో ఏ ఒక్క రోజూ ఇప్పుడు నాకు విడిగా గుర్తులేదు. స్టాఫ్ రూములో నా మరిది నన్ను అడగడానికి, నేను జవాబు చెప్పడానికి పట్టింది ఒక్క నిమిషం, అది మాత్రం ఇన్నేళ్ళయినా ఇంకా గడిచిపోలేదు.