ఎడమకు తిప్పితే ఎగబడే బండి

పోయిన వారం నేను చేసిన పనికి నన్ను చెప్పుతో కొట్టినా తప్పులేదప్పా! నవ్వొద్దు, నిజంగానే చెప్తాండా. టీ తాగండి, చల్లారిపోతాది. పద్దెనిమిదేండ్లు ఈ కువైట్‌లో ఒక్క మాట పడకుండా బతికిన మనిషిని, ఇంటికి పొయ్యే ముందురోజు అందరి ముందర దొంగను చేసి నిలబెట్టినా. ఎందుకు? బండి మలుపులో సరిగ్గా తిరగలేదని!

సుబ్బన్న అని, మాది రాయచోటి పక్క, ఆయనదీ ఆ పక్కే. మంగఫ్‌లో మా రూములో పెద్దమనిషి. నా మాదిరే హోటల్ డెలివరీ చేసేటోడు. పొద్దున లేస్తానే మొగం కడుక్కునేదానికన్నా ముందు బండి తుడుస్తాడు. "ఇంక చాలురా, ఈడ ఉండేదానికిచ్చే ఇఖామా కూడా క్యాన్సిల్ చేయించినా, ఇంటికి పోతాండా" అంటే ఆ బండి నేను తీసుకున్నా. తాళంచెవి నా చేతిలో పెడతా, "రమణా, దీంట్లో ఏదన్నా లోపం ఉంటే ఫస్టు నాకు చెప్పు" అన్నాడు. ఫస్టు నాకు చెప్పు అన్నాడు, గమనించండి. తోలి చూసినా. వెన్న మాదిరి పోయింది.

ఆ పొద్దే మా ఇంటామె వీడియో కాల్‌లో "బండి తీసుకుంటివి సరే, దిష్టి తీసినావా?" అనింది. ఈడ నడిరోడ్డు మీద గుమ్మడికాయ పగలగొడితే పోలీసోడు నన్ను పగలగొడతాడే అంటే వినదు. పోయినసారి ఊరికి పోయినప్పుడు గంగమ్మ కాడ పూజ చేయించి ఇచ్చిన నల్లగుడ్డ మూట నా పెట్టెలో ఉండె. లోపల పటిక, ఎండుమిరపకాయలు, ఇంకా ఏమేమో. అది కట్టమనింది. బయట వేలాడగడితే సూపర్‌వైజర్ అరుస్తాడు. అందుకని హ్యాండిల్ కింద, లైటు ఎనకాల, లోపలికి చెయ్యి దూర్చి ఎవురికీ కనపడకుండా నాలుగు చుట్లు చుట్టి బిగించినా. ఆమె సంతోషపడె. నేనా సంగతి ఆడికి మర్చిపోయినా.

తెల్లారినుంచి మొదలాయ. సీదాగా పోతే ఏం లేదు. కుడికి తిప్పినా ఏం లేదు. ఎడమకు తిప్పితే చాలు, ముకుతాడు తెంపుకున్న కోడె మాదిరి ఎగబడతాది! నేను లోపలికి వంచుతాంటే అది బయటికి పరిగెత్తుతాది. ఈ దేశంలో బండ్లు కుడిపక్క పోతాయి గదా, యూటర్నులూ దవార్లూ అన్నీ ఎడమకే. దవార్ అంటే మన రౌండానానే, సర్కిలు. రోజుకు ముప్పై దవార్లు తిరగాల నేను. ముప్పైసార్లు గంగమ్మను తలుచుకుంటా తిరిగినా.

ఫస్టు గాలి అనుకున్నా. గాలి సరిగ్గానే ఉండాది. ముందు టైరు అరిగిందేమోనని కొత్తది ఏయించినా. అదే కత! మా రూములో ఖాదర్ అని ఉండాడు, కార్ల గ్యారేజీలో డెంటింగ్ పని. వాడికి లోకంలో ప్రతి రోగమూ సొట్టే. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, గొంతు తగ్గించి, "మామా, చాసిస్ వంగింది. ఇది యాక్సిడెంట్ బండి. పైన రంగు కొట్టి నీకు అంటగట్టినాడు" అన్నాడు.

"సుబ్బన్నా? అట్లాంటోడు కాదురా!"

"ఊరికి పొయ్యేటోడు మామా. పొయ్యినాక ఎవురు అడుగుతారు?"

ఆ మాట నా కడుపులో పడింది. పడి అట్లే కూచునింది.

బుధవారం ఖాదర్ పికప్‌లో బండి ఎక్కించుకుని అమ్ఘరా పోయినాం, పాత సామాన్ల యార్డుకు. ఆడ ఒక పఠాన్ ముసలాయన నేలమీద బోర్లా పడుకుని, ఒక కన్ను మూసుకుని, ముందు చక్రం ఎనక చక్రం వరస చూసినాడు. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పినాడు. ఫోర్కు పట్టుకుని ఊపినాడు. లేచి బట్టలు దులుపుకుని, "భాయ్, గాడీ సీదీ హై" అన్నాడు. బండి యాడా వంగలేదంట. మంచిమాట చెప్తే ఎవురికి కావాల? ఈయనకు కండ్లు కనపడవులే అనుకుంటా వచ్చేసినా.

గురువారం మధ్యాన్నం. ఈడ నవ్వేదేం లేదు, వినండి. బిర్యానీ ఆర్డరు తీసుకుని ఒక దవార్‌లోకి దిగినా. మెల్లగానే దిగినా. ఎడమకు తిప్పినా, బండి గుర్రుమని ఎగిరింది! బ్రేకు పట్టేలోపల ఫుట్‌పాత్ ఎక్కేసింది. ఎదురుగా ఒకామె, ఆమె చేతుల్లో బిడ్డల తోపుడుబండి, దాంట్లో పసిబిడ్డ. జానెడు దూరంలో ఆగినా. నిజంగా జానెడే.

"ఒరే నీ కండ్లు కాకులు పొడవ! బిడ్డ కనపడలేదారా? వీడికేమన్నా అయ్యుంటే మామాకు నేనేం జవాబు చెప్పాలరా!"

మన తెలుగే! అరబ్బుల ఇంట్లో పనిచేసే మనామె. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు. వేరే రోజైతే మీది యే ఊరమ్మా అని అడిగేటోణ్ణి. ఆ పొద్దు బండి ఎనక్కి లాక్కుని పక్కకు తప్పుకున్నా. ఆ బిడ్డేమో నన్ను చూసి నవ్వుతాండాడు. వాళ్లు పొయ్యినాక ఫుట్‌పాత్ మీద కూచుని ఏడ్చినా. మీరు నమ్మండి నమ్మకపోండి, ఏడ్చినా.

ఏడుపు అయిపోతానే కోపమొచ్చింది. ఫోన్ తీసినా. మా మండలమోళ్ల గ్రూపు ఒకటి ఉండాది, కువైట్‌లో ఉండేటోళ్లు, ఊర్లో ఉండేటోళ్లు, సుబ్బన్న తప్ప అందరూ ఉంటారు దాంట్లో. వాయిస్ మెసేజ్ పెట్టినా. "సుబ్బన్న నాకు యాక్సిడెంట్ బండి అంటగట్టినాడు. ఈ పొద్దు ఒక పసిబిడ్డ పొయ్యేదే. మోసగాడు. వాడితో ఎవురూ పెట్టుకోవాకండి." కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని మా నాయన ఊరికే అనలేదు.

శుక్రవారం మధ్యాన్నం సుబ్బన్నకు విందు. శనివారం ఆయన ఫ్లైటు. సంగటి, కోడిపులుసు, రూములో ఎనిమిదిమందిమి కింద కూచున్యాం. నేను ఆయన మొగం చూడకుండా మూలకు కూచున్యా. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటాంటే ఆయనకు ఫోన్ వచ్చింది. ఇంటికాడనుంచి, ఆయన భార్య. ఆమె గొంతు మాకందరికీ వినపడతాంది. "ఏం చేసినావయ్యా నువ్వు? ఊరంతా చెప్పుకుంటాండారు, నేను వీధిలోకి ఎట్లా పోవాల?"

ఆయన తట్ట పక్కన పెట్టినాడు. "రమణా, నువ్వు పెట్టినావా?"

"నేనే పెట్టినా. అంటగట్టింది నువ్వే గదా!"

ఎవురూ తినలే. ఆయన అరుస్తాడనుకున్నా. అరవలే. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఈడనుంచి నేను తీసకపొయ్యేది రెండు పెట్టెలు, నా పేరు. పెట్టెలు పోయినా ఏం కాదు. పా, బండి చూద్దాం" అన్నాడు.

అందరం కిందికి దిగినాం. ఆయన టైరు చూడలే, ఫోర్కు చూడలే. "ఎప్పుడు ఎగబడతాది?" "ఎడమకు తిప్పినప్పుడు." "కుడికి?" "లేదు." బండికి స్టాండు ఏసి ఇంజిన్ స్టార్ట్ చేసినాడు. అప్పటిదాంకా మేమెవురమూ చేయని పని అదే! ముసలాయనతో సహా అందరం ఇంజిన్ ఆపేసే చూసినాం. ఎక్స్‌లేటర్ మీద చెయ్యి లేకుండా, ఒక్క ఏలితో హ్యాండిల్ ఎడమకు నెట్టినాడు.

గుర్ర్‌ర్‌మనింది!

నడిమికి తెచ్చినాడు, తగ్గింది. మళ్లీ ఎడమకు, మళ్లీ గుర్రుమనింది. "ఎక్స్‌లేటర్ కేబుల్‌ను ఏదో పట్టుకోనుండాది" అంటా ఫోన్ టార్చ్ ఏసి లైటు ఎనక్కి చెయ్యి దూర్చినాడు. నాకు ఆ క్షణాన గుర్తొచ్చింది. దేవుడా, భూమి చీలిపోతే బాగుండు అనిపించింది.

నల్లగుడ్డ మూట. కేబులూ ఫ్రేమూ రెండూ కలిపి నాలుగు చుట్లు. హ్యాండిల్ ఎడమకు పోతే కేబుల్ జరగాల, జరిగేదానికి నేను సందు ఇయ్యలే. దాంతో అదే లాక్కుని రేస్ పెంచుతాంది.

"నేను ఇచ్చినప్పుడు ఇది లేదే?" అన్నాడు సుబ్బన్న. అంతే అన్నాడు.

ఖాదర్ "ఆడలేక మద్దెల ఓడు అన్యాడంట" అని గొణిగినాడు. చాసిస్ వంగిందన్నోడు! వాడి సంగతి వేరే చూస్తా.

నేను సుబ్బన్న కాళ్లమీద పడినా. "కాళ్లు వదులు. ఫోన్ తీయ్. యాడ తిట్టినావో ఆడ్నే చెప్పు." రికార్డు నొక్కి "చిన్న పొరపాటు జరిగింది..." అన్నా. "చిన్నదా?" అన్నాడు. చెరిపేసినా. "బండి మంచిదే, కేబుల్ ఇరుక్కునింది..." అన్నా. "ఎందుకు ఇరుక్కునింది?" అన్నాడు. మళ్లీ చెరిపేసినా. మూడోసారి మొత్తం చెప్పినా. గంగమ్మ, పటిక, మిరపకాయలు, నాలుగు చుట్లు, పసిబిడ్డ, తప్పంతా నాది, సుబ్బన్న బంగారం, అన్నీ! ఆయన ఆ మెసేజ్ పొయ్యేదాంకా నిలబడి చూసి, "పాండి, సంగటి చల్లారిపోయింటాది" అన్నాడు.

ఫ్లైటు రోజు నన్ను కావలించుకుని మరీ పోయినాడు. దానికన్నా రెండు తగిలించినా బాగుండు.

ఇంటామెకు చెప్పినా. "చూసినావా, ఆ మూట ఉండబట్టే బిడ్డ బతికిపోయింది!" అనింది. ఆమెతో ఎవురు వాదిస్తారప్పా?

ఆ మెసేజ్ మా గ్రూపు దాటి యాడికి పోయిందో తెలీదు. మొన్న ఫోన్ బాగు చేయించుకుందామని హవల్లీ పోయినా. అంగట్లో తెలుగాయన ఒకడు, చొక్కా ఇన్‌షర్టు ఏసుకుని ఇంజినీర్ సారు మాదిరి ఉండాడు. నేను రెండు మాటలు మాట్లాడంగానే తిరిగి చూసి, "గొంతు ఎక్కడో విన్నానండీ... మీరు మూట రమణ గారేనా?" అన్నాడు. గారు కూడా తగిలించినాడు! సుబ్బన్న పేరు సుబ్బన్నకు క్షేమంగా ఊరు చేరింది. నా పేరే ఈడ పాయ.