తవ్వనివ్వని ఈశాన్య మూల

మీ ఇంటి నక్షా మీద సంతకం పెట్టిన ఇంజనీరు ఎప్పుడైనా మీ గుమ్మం తొక్కాడా? నిదానంగా గుర్తు చేసుకోండి. అతని ముఖం గుర్తుకు రాకపోతే, మీ పిల్లలు పడుకునే గది కప్పును మీరు ఒక అపరిచితుడి మాట మీద నిలబెట్టారన్నమాట.

నేను అలాంటి సంతకాలు పెట్టి బతికేవాణ్ణి. సూరత్‌లో ఉధ్నా స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో, జిరాక్స్ దుకాణం మీద ముందు గది నా ఆఫీసు, వెనక గది నా ఇల్లు. ఉన్న ఇంటి మీద ఇంకో అంతస్తు వేయాలన్నా, వెనక ఒక గది కలుపుకోవాలన్నా మునిసిపాలిటీ అనుమతి కావాలి. దానికి నక్షా కావాలి. పాత ఇంటిని గోడ గోడనా కొలిచి, ఉన్నదాన్ని నల్ల గీతతో, కట్టబోయేదాన్ని ఎర్ర గీతతో, పడగొట్టేదాన్ని పసుపు గీతతో చూపించాలి. పాత పునాది కొత్త బరువును మోస్తుందని లెక్క వేసి, మోస్తుందని రాసి, కింద సంతకం చేయాలి. గీతలు ఎవరైనా గీస్తారు. నాకు కూలి ఇచ్చేది ఆ చివరి వాక్యానికే.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మన తెలంగాణ నేత కుటుంబాలే. కింద మరమగ్గాలు, వాళ్ళ మాటలో సాంచాలు. పైన సంసారం. పన్నెండడుగుల వెడల్పు స్థలం, ముందు ఆటో కూడా తిరగని సందు. కుటుంబం పెరిగితే పక్కకు జరగడానికి చోటుండదు, పైకి పోవాల్సిందే. వాళ్ళు పొయ్యి ఆగ్నేయంలో పెట్టమంటే పెట్టాను. మెట్లు కుడివైపు తిప్పమంటే తిప్పాను. పొయ్యి ఏ మూల ఉన్నా స్లాబుకు నొప్పి లేదు. యవ్వనంలో జిల్లా గ్రంథాలయం వరండాలో వాదసభలు నడిపినవాణ్ణి, శకునాలూ ముహూర్తాలూ వాస్తూ ఒక్కొక్కటిగా బోనెక్కించి ప్రశ్నలు వేసినవాణ్ణి. అలాంటివాడు పొయ్యి జరుపుతున్నాడేమిటని నవ్విన పాత మిత్రులున్నారు. ఎవరికీ హాని చేయని చోట తగవు పెట్టుకోనని వాళ్ళకు జవాబిచ్చేవాణ్ణి.

నా భార్య పోయి ఆరేళ్ళయింది. ఆమెకూ నాకూ ముందే ఉన్న ఒప్పందం ప్రకారం ఏ కర్మా చేయలేదు. పంతులు రాలేదు, పిండం పెట్టలేదు, పదో రోజు భోజనాలు లేవు. ఆ తర్వాత మనవాళ్ళు నన్ను ఏమీ అనలేదు. పిలవడం మానేశారంతే. నక్షా కావాలంటే మెట్లెక్కి వచ్చేవారు. ఆ నక్షాతో కట్టిన ఇంటి గృహప్రవేశానికి మాత్రం నాకు పిలుపు ఉండేది కాదు. నేను గీసిన గదుల్లో ఎన్నిటిలో దీపం వెలిగిందో నాకు తెలియదు.

పిలుపు మానని ఇల్లు ఒక్కటే, సూరత్‌లోనే లింబాయత్ వాడలో. ఎనిమిది సాంచాల ఆసామి అతను, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. నన్ను అన్నా అంటాడు, నేను తమ్మీ అంటాను. ఆదివారం మధ్యాహ్నం నా కంచం వాళ్ళింట్లోనే. కింద సాంచాలు ఆగకుండా కొట్టుకుంటుంటే పైన చాప మీద కూర్చుని జొన్నరొట్టె, పుంటికూర పప్పు తినేవాణ్ణి. గ్లాసులో నీళ్ళు అంచు దాకా పోస్తే వణికి బయటికి చిందేవి, అందుకని ముప్పావు గ్లాసే పోసేవారు. అతని తల్లి, ఎనభై దాటిన అవ్వ, నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చునేది. ఆమెకు చెవుడు లేదు కాని ఎక్కువ మాట్లాడదు. వారం మొత్తంలో నా ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉండే గంట అదొక్కటే.

ఒక ఆదివారం తమ్ముడు రెండు అంతస్తులు వేస్తానన్నాడు. కొడుకుకు పెళ్ళయింది, కొత్త జంట డాబా మీద రేకుల కింద పడుకుంటోంది. ఎండాకాలంలో ఆ రేకుల కింద ఎలా ఉంటుందో సూరత్‌లో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ ఇంటినీ కొలవలేదు. కోడలు కుట్టు మిషను కిటికీ పక్కన ఉండాలంది, ఆ కిటికీని మూడుసార్లు జరిపాను. అవ్వ గదికి మెట్లు తక్కువ ఎత్తుతో గీశాను.

ఇంటి ఈశాన్య మూలలో, స్తంభం పక్కన గోడకు ఒక పగులు ఉంది. నిలువుగా కాదు, ఏటవాలుగా. పగులు పెరుగుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. సన్నని గాజు పట్టీని పగులుకు అడ్డంగా అంటిస్తాం. గోడ కదిలితే గాజు పగులుతుంది. అంటించాను. నెల తిరగకముందే అది పగిలింది. సాంచాల అదురుకు పగిలిందన్నారు ఇంట్లోవాళ్ళు. అదే అదురుకు మిగిలిన మూడు మూలల్లో అంటించిన పట్టీలు పగలలేదు.

అప్పుడు పునాది చూడాలన్నాను. ఇల్లు తమ్ముడి తండ్రి కట్టించింది. నక్షా లేదు, లెక్క లేదు, మేస్త్రీ కూడా పోయాడు. కాబట్టి ప్రతి మూలా స్తంభం పక్కన గొయ్యి తీసి, పునాది ఎంత లోతు పోయిందో, ఎంత వెడల్పు పరుచుకుందో కళ్ళతో చూడాలి. దాహోద్ నుంచి వచ్చి మట్టి పని చేసే భార్యాభర్తలు రెండు రోజుల్లో మూడు మూలలు తవ్వారు. మూడూ బాగున్నాయి. నాలుగోది ఈశాన్యం. అక్కడ అవ్వ గడ్డపార దిగనివ్వలేదు.

ఆ మూలలోనే తండ్రి ముగ్గు పోసిన రోజున రాగి చెంబు పూడ్చారు. అందులో నవధాన్యాలు, నాణేలు, అవ్వ మెట్టెల జత. దాన్ని కదిలిస్తే ఇల్లు నిలవదని నమ్మకం. మనవాళ్ళ ఇళ్ళలో ఈ నమ్మకం లేనిది నేను చూడలేదు. కాని ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఆ మూల ఒకప్పుడు ఖాడీ, అంటే వాడ పక్కన పారే వాగు, వైపు జారిన గుంట అనీ, ఇటుక ముక్కలు, పాత పేలికలు వేసి పూడ్చామనీ తమ్ముడే ఎన్నడో మాటల్లో నాతో అన్నాడు.

"అన్నా, మూడు మూలలు సూసినవ్ గదా. నాలుగోది గూడ గట్లనే ఉంటది. రాసెయ్ జర" అన్నాడు.

"గుంట పూడ్చినమని నువ్వే జెప్పినవ్ తమ్మీ. సూడకుంట ఎట్ల రాస్త?"

"అవ్వ ఒప్పుకోదే."

అవ్వతో నేను మాట్లాడతానన్నాను. ఇక్కడే నేను తప్పు చేశాను. ఆ తప్పు మూల తవ్వమనడంలో లేదు.

ఆ ఆదివారం భోజనం కాగానే మొదలుపెట్టాను. చెంబు ఇంటిని కాపాడితే ఖాడీ పొంగినప్పుడల్లా నీళ్ళు సాంచాల నడుము దాకా ఎందుకొచ్చాయని అడిగాను. పూడ్చిన ధాన్యం వారానికే కుళ్ళి ఉంటుందని చెప్పాను. ఏ చెంబూ పూడ్చని దర్జీ ఇల్లు పక్కనే పగులు లేకుండా ఎందుకు నిలబడిందో చెప్పమన్నాను. ప్రతి ప్రశ్నకూ ముందు ఒక క్షణం ఆగి, తర్వాత వేసేవాణ్ణి. వరండా సభల్లో నేర్చుకున్న పద్ధతి అది. కోడలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తమ్ముడు తల దించుకున్నాడు. సభ నా వైపు తిరిగిందనుకున్నాను. అవును, నిజంగా అలాగే అనుకున్నాను, ఎనభై దాటిన ముసలామె ఎదురుగా కూర్చుని.

అవ్వ అంతా విన్నది.

"మంచిగ మాట్లాడినవ్ కొడుకా. ఒక్కటి అడుగుత జెప్పు. నీ పెండ్లాం పోయిననాడు పంతులొద్దన్నవ్, పిండమొద్దన్నవ్. వాడకట్టుల నీ ఇంటికి ఎవ్వలొచ్చిండ్రు?"

నేను ఖాళీ కంచాన్ని పక్కకు జరిపాను.

"నేనొచ్చిన. నీ ఇగురం నాకు తెల్వది, నచ్చలె గూడ. అయినా వచ్చి కూసున్న. ఎందుకు జేస్తలేవని నిన్ను అడిగిన్నా?"

అడగలేదు. మూడు రోజులు వరుసగా ఉధ్నా దాకా షేర్ ఆటోలో వచ్చింది. స్టీలు డబ్బాలో అన్నం, పప్పు తెచ్చి, నేను తినేదాకా గోడకు ఆనుకుని కాళ్ళు చాపి కూర్చుని, ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయింది. ఆ సంగతి నాకు గుర్తు లేక కాదు. ఆ మధ్యాహ్నం నాకది వాదంలోకి వచ్చే విషయంలా కనిపించలేదు.

లేచి వచ్చేశాను. తర్వాతి ఆదివారం వెళ్ళలేదు. ఆ వారంలోనే తమ్ముడు నా ఆఫీసుకు వచ్చాడు. నక్షాలన్నీ తయారుగా ఉన్నాయి. నల్ల గీతలు, ఎర్ర గీతలు, స్తంభాల పట్టిక, ఇనుము లెక్క. పునాది మోస్తుందని రాసే కాగితం ఒక్కటే ఖాళీ. దాన్ని నా వైపు జరిపాడు. పిల్లలు రేకుల కింద ఉడికిపోతున్నారన్నాడు. నా చేతిలో కలం ఉంది. ఆ సంతకం పెడితే ఆదివారం కంచం తిరిగి వస్తుందని నాకు తెలుసు. అవ్వ కూడా ఆ మాటలు మరిచిపోయేదే.

"పెట్టను తమ్మీ. నేను సూడలే."

అతను కోప్పడలేదు. నక్షాలు చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "గీసుడుకు పైసలిచ్చిన గదా అన్నా, ఇవి నేను తీస్కపోత" అని మెట్లు దిగాడు.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం, పళ్ళు తోముకుంటుండగా, నేను అడగాల్సింది ఏమిటో తెలిసింది. తవ్వేటప్పుడు అవ్వ ఆ మూల పక్కనే కూర్చోవాలి. చెంబు బయటికి వస్తే ఆమె ఒడిలో పెట్టాలి. పునాది చూడటం అయ్యాక ఆమే తన చేతులతో తిరిగి పెట్టుకోవాలి, కావలసినంత పసుపు నీళ్ళు పోసుకోవచ్చు. నాకు చెంబుతో పని లేదు, పునాదితోనే పని. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు? ఎదుటివాణ్ణి పడగొట్టడం నాకు నేర్పారు. అనుమతి అడగడం నాకు ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు. మూఢనమ్మకం తప్పే, ఈ రోజుకూ ఆ మాట వెనక్కి తీసుకోను. కాని ఒక ఇంటి కింద ఏముందో చూసే అవకాశాన్ని ఆ రోజు పోగొట్టింది ఆమె నమ్మకం ఒక్కటే కాదు, నా వాక్చాతుర్యం కూడా.

ముఖం కడుక్కుని నేరుగా లింబాయత్ వెళ్ళాను. సందు మొదట్లోనే డాబా మీద సెంట్రింగ్ కర్రలు కనిపించాయి. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నక్షా పాస్ అయింది అన్నా."

నా గీతల కింద వేరే ఎవరో సంతకం చేశారు. ఆయన ఇంటికి వచ్చాడా అని అడిగాను. రాలేదట, కాగితాలే పోయి వచ్చాయట. నేను అనుకున్నది చెప్పాను. అవ్వ పక్కన కూర్చోవడం, ఒడిలో చెంబు, మళ్ళీ ఆమె చేతులతోనే పెట్టడం. అతను తలెత్తి పైన సెంట్రింగ్ కర్రల వైపు చూశాడు.

"గీ మాట ముందే అనకపోతివే. ఒప్పుకునేదేమో."

ఇప్పటికైనా తవ్వొచ్చన్నాను. పునాది చాలకపోతే వెడల్పు చేసి, స్తంభానికి బలం కట్టే పద్ధతులున్నాయన్నాను. రేపు స్లాబు పోస్తున్నామన్నాడు. పైన ఎవరో పిలిచారు. లోపలికి రమ్మనకుండా మెట్లెక్కాడు. చేయాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి, బొమ్మ కూడా గీసి, మర్నాడు పంపాను. అనుమతిచ్చిన ఆఫీసుకు ఒక ప్రతి పంపాను. ముట్టినట్టు ముద్ర వచ్చింది. అంతకు మించి ఏమీ రాలేదు.

ఇప్పుడా ఇంట్లో నాలుగు అంతస్తులున్నాయి. పగులు మీద ప్లాస్టర్ చేసి లేత నీలం రంగు వేశారు. కోడలి కుట్టు మిషను నేను గీసిన కిటికీ పక్కనే ఉంది, కింద నుంచి కనిపిస్తుంది. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవచ్చు కూడా. ఆ మూల పునాది గట్టిదే అయి, నా అనుమానమే తప్పయితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. చూశావా, నిలబడింది కదా అని మనవాళ్ళు అంటున్నారట. ఇవాళ్టిదాకా పడకపోవడాన్నే రుజువు అంటున్నారు. చూడనివాడి ధైర్యానికీ చూడలేదన్నవాడి భయానికీ మధ్య తేడా తేల్చే గొయ్యి ఒక్కటి, మూడడుగుల వెడల్పుది, ఇంకా తవ్వలేదు.

వాన పడిన రోజుల్లో ఖాడీ నీళ్ళు ఎంతవరకు వచ్చాయోనని తమ్ముడికి ఫోన్ చేస్తాను. మోగి ఆగిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం స్టేషన్ బయట ఒక ప్లేటు లోచో, ఇక్కడివాళ్ళు ఆవిరి మీద ఉడికించే శనగపిండి ముద్ద, కొనుక్కుని నిలబడే తింటాను. అక్కడ అందరూ నిలబడే తింటారు, అందుకని ఒంటరివాణ్ణని ఎవరికీ తెలియదు.

ఇంటి మీద ఇంటిని లేపబోతున్న మీరు, నక్షా తయారయిందని, ముద్ర పడిందని నిశ్చింతగా ఉండకండి. రేపు పొద్దున్నే మట్టి పనివాళ్ళను పిలవండి. సంతకం చేసే ఇంజనీరును రప్పించి గొయ్యి అంచున నిలబెట్టండి. మీ ఇంట్లో ఆ మూలలో చెంబు పూడ్చిన చేతులు ఇంకా ఉంటే, ముందు ఆ చేతులు పట్టుకుని అడగండి, వాదించకండి. ఆ పెద్దవాళ్ళకు కుర్చీ వేసి గొయ్యి పక్కన కూర్చోబెట్టండి. ఆ తర్వాత తవ్వండి. పునాది అడుగు కనిపించేదాకా ఆపకండి.