ఎడారికి వెళ్ళిన గుడివాడ బియ్యం

1960 చలికాలంలో సైన్యపు ఆహార సరఫరా విభాగం నన్ను బియ్యం తనిఖీదారుగా గుడివాడ వేసింది. బందరులో మా ఇంటికి దగ్గరని సంతోషించాను. దూరదేశపు ఎడారి సరిహద్దున కాపలా కాస్తున్న అంతర్జాతీయ శాంతి సేనలో మన పటాలం కూడా ఉండేది. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న దేశాల తగాదా ఎప్పటికి తెగుతుందో ఎవరికీ తెలియదు. వాళ్ళ తిండి మాత్రం నెలనెలా బొంబాయిలో ఓడ ఎక్కాలి.

బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి నమూనా తీసి, గింజ కొరికి చూసేవాణ్ణి. టక్కున విరిగితే ఆరినట్టు, నలిగితే తేమ ఉన్నట్టు. ఆపైన ముద్ర. నేనెన్నడూ చూడని ఆ ఎడారి, అరచేతిలో గింజలు పోసుకున్నప్పుడల్లా కలలో ఊరిలా కళ్ళముందు కదిలేది.

ఒక ఉదయం దేవదానం అనే ఘంటసాల ఊరి సిపాయి నేను తనిఖీ చేసే మిల్లుకు వచ్చాడు. ఆ పటాలం నుంచే సెలవు మీద వచ్చాడట.

"బస్తా మీద గుడివాడ అని చూసి, మా బియ్యమేనని అందరికీ చెప్పుకున్నానండీ. విప్పితే ముక్కిన వాసన. కడిగి కడిగి వండుకున్నాం."

అతని గొంతులో కోపం లేదు. అందుకే తలెత్తలేకపోయాను.

ఆ రోజు వ్యాగన్లకెక్కే సరుకును మళ్ళీ కొరికాను. కాస్త నలిగింది. ఇక్కడ పదిరోజుల్లో వండుకునే బియ్యానికి ఆ తేమతో పేచీ లేదు. ఓడ అడుగున వారాల తరబడి ఉక్కలో ఉంటే బూజే.

మిల్లు యజమాని సుబ్బారావు గారు, "మా ఇంట్లో ఇవే తింటున్నామండీ. ఓడ తప్పితే అక్కడ మన కుర్రాళ్ళు పస్తుంటారు, మీ ఇష్టం" అన్నారు. ఆ మాటా నిజమే. ఈ ఓడ తప్పితే ఎలాగని చివరకు దేవదానాన్నే అడిగాను.

"గోధుమపిండి ఉంటుందండీ, రొట్టెలతో నెట్టుకొస్తాం. ఆ అన్నం మాత్రం వద్దండీ."

లోడింగు ఆపించాను. ఎండ తగిలితే గింజ పగులుతుంది కనుక బియ్యాన్ని షెడ్డులోనే పలచగా పరిపించాను. ఆడకూలీలు పాదాలతో చాళ్ళు తీస్తూ తిరగేశారు. మూడు రోజులు ఆ తెల్లటి చాళ్ళ మధ్య తిరిగాను. సన్నటి తవుడు గాలిలో తేలుతుంటే ఎక్కడున్నానో మరిచిపోయేవాణ్ణి. బయట కాలువ చప్పుడు లేకుండా పారుతుండేది.

ఓడ తప్పింది. పైనుంచి సంజాయిషీ అడిగారు, ఉన్నదున్నట్టు రాశాను. ఆ ఏడు నాకు ప్రమోషన్ రాలేదు. సుబ్బారావు గారు చాలాకాలం ముభావంగా ఉన్నారు. తర్వాతి ఓడలో వెళ్ళిన ఆ బియ్యం గురించి పటాలం నుంచి మెప్పూ రాలేదు, ఫిర్యాదూ రాలేదు.

బస్తా విప్పే రోజున బియ్యం ఎలా ఉంటాయో, ముద్ర వేసే రోజునే ఆలోచించాలి. ఆ తర్వాత ఉద్యోగమంతా అలాగే చేశాను.