ఉస్తాద్ చెడగొట్టని ఫోటో

ఉస్తాద్ పోయాడన్న కబురు నాకు నల్లగొండ బస్టాండులో తెలిసింది. పాత బజారులో సోడాలమ్మే మనిషి ఎదురుపడి, పొద్దున్నే అయిపోయిందనీ, సాయంత్రం ఎత్తుతారనీ చెప్పాడు. అన్నం పెట్టిన చెయ్యి కాలిపోయే రోజున పరుగెత్తుకుంటూ వెళ్లాలి. నేను కేతేపల్లి బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. దారి పొడుగునా కోపమే వచ్చింది. కన్నీళ్లు మాత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే వచ్చాయి.

ఉస్తాద్ అంటే పహిల్వాను కాదు. ఫోటోలు తీసేవాడు. ఆయన స్టూడియోలో పెన్సిలుతో నెగెటివుల మీద మచ్చలు సరిదిద్దడం నా పని. ఆ పని నేర్పిందీ, పెళ్లయిన కొత్తలో నేనూ నా భార్యా తలదాచుకోవడానికి వెనకింట్లో జాగా ఇచ్చిందీ ఆయనే. కిరాయి ఎప్పుడూ అడగలేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. తర్వాత చెప్పేది వింటే ఇది చెప్పబుద్ధి కాదు.

నైజాం ఏలుబడి చివరి రోజులవి. ఊళ్లలో ఒకపక్క కమ్యూనిస్టుల సంఘం, ఇంకోపక్క రజాకార్లు. బయటినుంచి సరుకు రావడం ఆగిపోయి ఫిల్ము దొరకడం లేదు. ఉస్తాద్ ఎవరినో పట్టుకుని సర్వే దఫ్తరులో మూలపడ్డ డబ్బాలు తెచ్చాడు. పటాలూ దస్తావేజులూ నకలు తీసే ఫిల్ము అది. గీత నల్లగా, కాగితం తెల్లగా పడితే చాలు దానికి. మధ్యలో ఇంకే ఛాయా పట్టదు. పైగా గడువు దాటి ఏళ్లయింది. దాంతో మనిషిని తీస్తే కళ్లున్న చోట రెండు గుంటలు, నుదురేమో సున్నం కొట్టిన గోడ.

"గీ ఫిల్ముకు మనుషులు తెల్వదు. మనం నేర్పాలె" అన్నాడు.

సామాన్ల గది సందుల్లో గోనెసంచులు కుక్కి, లాంతరుకు ఎర్రగుడ్డ చుట్టి మొదలుపెట్టాం. నడిమి ఛాయలు రావాలని ఫిల్ము కడిగే మందులో నీళ్లు పెంచుతూ పోయాం. రంజన్ కుండలో చల్లబడిన నీళ్లే వాడాలనేవాడు. వేడి ఎంతుందో చిటికెనవేలు ముంచి చూసేవాడు. పాత ఫిల్ము మీద పొగలా కమ్ముకునే మసక పోవడానికి బ్రోమైడు చిటికెడు వేసేవాడు, పప్పులో ఉప్పేసినట్టు, తూకం గీకం లేకుండా. ఎన్ని పాడయ్యాయో లెక్కలేదు. పరీక్షకు డబ్బులిచ్చి ఎవరూ కూర్చోరు గనక నన్నాయన తీసేవాడు, ఆయన్ను నేను తీసేవాణ్ని. ఒకసారి నేను తీసిన తన ఫోటో చూసి, బొగ్గుల మూటకు పాగా చుట్టినట్టుందని పడీపడీ నవ్వి పారేయమన్నాడు. నేను పారేయలేదు. రేకుపెట్టెలో వేసుకున్నాను.

ఆ ఎండాకాలమే నా తమ్ముడు సంఘంలోకి పోవడానికి తయారయ్యాడు. అమ్మ వాణ్ని ఆపలేక స్టూడియోకు వెంటబెట్టుకొచ్చింది.

"పోతె పోనీ అయ్యా. మొకమన్న నాకు ఉండనీ" అంది ఉస్తాద్‌తో.

ఒక్కటే కాపీ తీస్తాననీ, కంటిరెప్పకు కూడా చూపననీ ఆయన అమ్మ చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. ఆ ఫిల్ముకు వెలుగు మెల్లగా పడుతుంది. ఊపిరి బిగబట్టి కూర్చోమన్నాడు తమ్ముణ్ని. వాడు నవ్వాపుకుంటూ కూర్చున్నాడు.

ఆ ఒక్క ఫిల్ములో అన్నీ కుదిరాయి. గడ్డం కింద నీడ, కనుబొమ మీద చిన్నప్పటి దెబ్బ, అప్పుడే వస్తున్న మీసం, దేని ఛాయ దానికి వచ్చింది. ఉస్తాద్ దాన్ని ఎర్రలాంతరు ముందు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "నలుపు, తెలుపు ఎవడన్న తీస్తడు. నడిమిది తియ్యాలె" అన్నాడు. దాని మీద నా పెన్సిలు పెట్టొద్దని కూడా అన్నాడు. ఆ రోజు ఆయన్ని చూసి నేను గర్వపడ్డాను.

పోలీసు చర్య జరిగింది. రజాకార్ల పీడ పోయిందని జనం ఊపిరి పీల్చుకున్నారు. మిలట్రీ మాత్రం పోలేదు. సంఘపోళ్లను వెతకడానికి ఊరూరా క్యాంపులు పెట్టింది. నేను జొన్నకోతలకు అత్తగారి ఊరు కోస్గి పోయి తిరిగొచ్చేసరికి స్టూడియో ముందున్న అద్దాలపెట్టెలో నడిమి మేకు ఖాళీగా ఉంది. ఏ స్టూడియో అయినా తన పనితనమంతా చూపే ఫోటో పెట్టే జాగా అది. అటూ ఇటూ పెళ్లిజంటలు ఎప్పటిలాగే ఉన్నాయి. అక్కడి ఫోటో ఏమైందని అడిగితే ఉస్తాద్ తల ఎత్తలేదు.

"నీ తమ్మునిది పెట్టిన. క్యాంపోళ్లు చూసి ఎవరని అడిగిండ్రు. నకళ్లు గావాలన్నరు. ఇచ్చిన."

నకళ్లు నల్లగా మాడ్చి ఇవ్వొచ్చు కదా అన్నాను. మనిషిని ఎవరూ పోల్చుకోకుండా చేయడం మన ఇద్దరికీ తెలిసినట్టు జిల్లాలో ఇంకెవరికి తెలుసని అడిగాను. ఆయన చేతులు తుడుచుకున్నాడు.

"గంత మంచిగొచ్చినదాన్ని ఖరాబు చేసెతందుకు చెయ్యి రాలె."

భయపడి ఇచ్చానంటే ఒప్పుకునేవాణ్ని. కొట్టారంటే నేనే ఆయన ఒంటికి కాపడం పెట్టేవాణ్ని. పనితనం చూపుకోవడానికి అమ్మకిచ్చిన మాటను అద్దంలో వేలాడదీశాడు. దానికి ఏ మందూ లేదు.

తమ్ముణ్ని అంగడిలో పట్టుకున్నారు. ఫోటో చేతిలో పెట్టుకుని ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చారట. గుట్టల దగ్గర కాల్చేశారు. శవం ఇవ్వలేదు. ఉస్తాద్ ఇచ్చిన కాపీని అమ్మ చచ్చేదాకా తలాపున పెట్టుకుంది. "గాయన తీయబట్టె నా బిడ్డ మొకం ఉన్నది. గాయన తీయబట్టె నా బిడ్డ లేడు" అనేది. ఆమెకు ఆయన్ను తిట్టాలో మొక్కాలో చివరిదాకా తెలియలేదు. నాకు మాత్రం తెలుసు. తమ్ముడి కబురు తెలిసిన రోజే వెనకిల్లు ఖాళీ చేశాను.

కేతేపల్లిలో చిన్న స్టూడియో పెట్టుకుని బతికాను. మళ్లీ ఆయన గడప తొక్కలేదు. ఆయన మాత్రం నల్లగొండలో కుదరని పనులకు జనాన్ని నా దగ్గరికే పంపేవాడు. ఎవరి గడ్డం కింద నీడ చక్కగా పడినా ఆ గొంతే వినిపించేది. నా చేతిలో ఉన్న విద్యంతా ఆయనదే. ఆ విద్యను వదల్లేకపోయాను, మనిషిని వదిలేశాను.

ఉస్తాద్ పోయిన రెండ్రోజులకు ఆయన కొడుకు మా ఇంటికి వచ్చాడు. ఇంతమందిని తీసిన మనిషిది ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదట. దశదినకర్మకు దండ వేయడానికి ఏదైనా ఉందా అని అడిగాడు. రేకుపెట్టె తీసి, ఆ పారేయమన్న ఫిల్ము నుంచి ఒక కాపీ కడిగి ఇచ్చాను. పెన్సిలు చేతిలోనే ఉంది. ఆ గుంటల్లో కళ్లు దిద్దగలను. దిద్దలేదు.

"గిది మా నాయినేనా కాకా?" అన్నాడు.

మీ నాయినే, నేనే తీశాను అన్నాను.

పదో రోజు వెళ్లాను. బంతిపూల దండ మధ్య, దీపం వెనక, సున్నపు నుదురూ రెండు నల్లని గుంటలూ. ఎవరో ముసలామె చేతికర్ర పక్కన పెట్టి, దగ్గరికి వంగి, కళ్లు చికిలించి చూసింది. "ఎవలో పోలిక తెలుస్తలేదు బిడ్డా" అంది నాతో.

అంగడిలో నా తమ్ముడి ఫోటో పట్టుకు తిరిగినవాళ్లు ఆ ఒక్క మాట అని ఉంటే చాలు, వాడు ఇవ్వాళ పంక్తిలో నా పక్కన కూర్చుని ఈ పదోరోజు అన్నం తినేవాడు.